మ్యాటినీకి మాత్రమే వచ్చే మనిషి

“కరెంటు పోయినప్పుడు పాప కదల్లేదు. నిలబడినచోటనే నిలబడిపోయింది. నువ్వు చూసినావా?”

ఆనందమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పలేదు. “మూడేళ్ళ బిడ్డ. చీకట్లో నిలబడక చెడుగుడు ఆడతాదా?”

“చేతులు ముందుకు చాపింది. గోడ కోసం తడుముకునింది.”

“నేనూ తడుముకున్నాను, అగ్గిపెట్టె కోసం. అయితే నాకూ వచ్చిందా?”

ఏం వచ్చిందని ఆమె చెప్పలేదు, అతనూ అడగలేదు. ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు.

వెంకటరమణయ్య ఉదయగిరిలో సైన్సు అయివారు. కన్ను బొమ్మను నల్లబల్ల మీద గీసి, కటకం ఇది, నేత్రపటలం ఇది, మసక వెలుతురులో పనిచేసే దండకణాలు ఇవి అని ఏడేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాడు. ఆనందమ్మ అతని సొంత అక్క కూతురు. మేనమామకు పిల్లనివ్వడం ఆ ఇంట్లో తరతరాలుగా ఉన్నదే. పెళ్ళినాడు అందులో ఆలోచించవలసింది ఏమైనా ఉందని ఎవరికీ తోచలేదు, బి.యస్సీ. చదివిన పెళ్ళికొడుక్కి కూడా. ఇప్పుడు అతను అన్నం కలుపుతూ, పాఠం చెబుతూ, నిద్రలో పక్కకు తిరుగుతూ ఆలోచించేది అదొక్కటే.

ఆ భయాన్ని అతనికి అంటించిన మనిషి పేరు అల్లాబకాష్. కావాలని అంటించింది కాదు. ఇద్దరూ కలిసి సినిమాలు చూశారు, అంతే.

అల్లాబకాష్ కర్ర చెంచాలు చెక్కేవాడు. దుర్గం కొండ నుంచి వచ్చిన నర్ది కర్రను బాడిసతో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, కాడ మీద జాలీ పని చేసేవాడు. అగ్గిపుల్లంత సందులో చేప, చేప కంట్లో రంధ్రం, ఆ చుట్టూ సన్నని తీగలు. ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నా, అతని చెంచాను నూరింటిలో పడేసినా ఏరవచ్చు అనేవాళ్ళు. 1976లో వెంకటరమణయ్య కొత్త ఉద్యోగంతో వచ్చి అల్లాబకాష్ ఉండే వీధిలోనే గది తీసుకున్నాడు. అప్పటికి అయివారికి ఇరవై నాలుగు, అల్లాబకాష్‌కు ముప్పై ఆరు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి కరీంబీ ఆ మాటెత్తితే బాడిస తీసుకుని వాకిట్లోకి పోయేవాడు.

ఇద్దరినీ కలిపింది సినిమా పిచ్చి. ఊళ్ళో టెంటు హాలు ఉంది. కానీ గుడారంలో చీకటి పడితేగాని బొమ్మ పడదు. అల్లాబకాష్ ఆ గుడారంలో ఒక్కనాడూ అడుగు పెట్టలేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆత్మకూరు పోయి, అక్కడి హాల్లో మ్యాటినీ చూడాల్సిందే. టీ అంగడి సిద్ధయ్య ఊరుకునేవాడు కాదు.

“ఏం సాయిబూ, ఇంటి ముందర గుడారం పెట్టుకోని ఆత్మకూరు దాకా పోతావేంది? ఆడ ఎవురన్నా ఉండాదా?”

“ఉండాది. నెత్తిమీద ఫ్యాను ఉండాది. నువ్వూ రారా, నీ టీ తాగి వచ్చిన తలనొప్పి దిగిపోతాది.”

అతనికి ఇంకో పట్టుదల. దీపాలు ఆర్పకముందే సీట్లో కూర్చోవాలి. ఇంటర్వెల్లో లేవకూడదు. తిరిగి వచ్చేసరికి ఉదయగిరిలో చీకటి పడేది. బస్సు దిగి ఇంటిదాకా అల్లాబకాష్ అయివారి భుజం మీద చెయ్యి వేసుకుని నడిచేవాడు. తనకన్నా పన్నెండేళ్ళు పెద్దవాడు అంత చనువుగా చెయ్యి వేస్తే వెంకటరమణయ్యకు గర్వంగా ఉండేది.

అసలు సంగతి బస్సులో మొదలయ్యేది. ఒకసారి చూసిన సినిమాలో పీటల మీద పెళ్ళి ఆగిపోతుంది. పెళ్ళికూతురు ఏడుస్తుంది, హీరో గుర్రం మీద దూసుకొస్తాడు, హాలంతా ఈలలు.

“గుర్రం వచ్చినప్పుడు నీలో నువ్వే నవ్వుకుంటా ఉన్నావే, ఏంది భాయ్?” అని అడిగాడు వెంకటరమణయ్య.

“గుర్రం వచ్చిందా?”

వెంకటరమణయ్య పగలబడి నవ్వాడు. హీరోను అంత చులకన చేసినవాడిని అతను ఎరగడు.

“నేను పందిట్లో పళ్ళెం పట్టుకున్న ముసలామెను చూస్తా ఉన్నాను అయివారా. పెళ్ళి ఆగిపోయింది గదా, ఆ పళ్ళెం ఏడ పెట్టాలో ఆమెకు తెలవలా. పెట్టమని ఎవురూ చెప్పలా. కడదాకా మోస్తానే ఉండాది. మధ్యలో ఒకసారి బొటనవేలితో పసుపు కొమ్ము పక్కకు జరిపింది, కింద పడకుండా. ఏమని నేర్పించి ఉంటారు ఆమెకు? ఏమీ నేర్పించి ఉండరు. ఊరికే నిలబడు అనుంటారు. ఊరికే నిలబడడం ఎవురికి వస్తాది చెప్పు.”

“మరి హీరోయిన్ ఏడ్చింది గదా, అంత బాగా?”

“ఏడ్చింది. అది కాడ మీద పువ్వు. చెంచాకు పనితనం పువ్వులో ఉండదు, గుంటలో ఉంటాది. నోట్లో పెట్టుకున్నోడికే తెలస్తాది.”

ఆ రాత్రి వెంకటరమణయ్య ఒక నోటుపుస్తకం తీసి ఆ మాటలు రాసుకున్నాడు. తరువాత ప్రతి ఆదివారం రాసుకున్నాడు. కోర్టు సీనులో బంట్రోతు చెప్పుల చప్పుడు కాకుండా నడవడం. జమీందారు వెనక విసనకర్ర పట్టినవాడు తిట్లు వినపడినప్పుడు మాత్రం విసరడం ఆపడం. తామంతా తెర నిండా చూసి ఏమీ చూడలేదు, ఈ మనిషి మూలనున్న ఒక్కరిని పట్టుకుని సినిమా మొత్తం చూస్తున్నాడు. కళాకారుడి కన్నంటే ఇదీ అనుకున్నాడు. తనకు అది లేదని కొంచెం ఏడుపు కూడా.

నాలుగేళ్ళు అలా గడిచాయి. వెంకటరమణయ్యకు పెళ్ళయింది. పాప పుట్టింది. ఆ ఏడు కార్తీకంలో ఒక ఆదివారం అల్లాబకాష్‌కు కడుపు బాగాలేక, ఎన్నడూ లేనిది, ఇంటర్వెల్లో లేచి బయటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి దీపాలు ఆర్పేశారు.

నడవలో నిలబడిపోయాడు. వెనక నుంచి అరుపులు మొదలయ్యాయి. “కూచోరా! నీ వీపు చూడను డబ్బులిచ్చినామా?” “రేయ్, నిలబడే టిక్కెట్టు కొన్నావా ఏంది!” వెంకటరమణయ్య లేచేలోగా అల్లాబకాష్ రెండడుగులు వేసి, కుర్చీ అనుకుని, కలిగిరి నుంచి వచ్చిన ఒక భారీ మనిషి ఒళ్ళో కూర్చున్నాడు. ఆ మనిషి సోడాసీసా ఒలికిపోయింది. అతను లేచి చొక్కా పట్టుకున్నాడు.

“కళ్ళు కనపడలా? తాగినావా?”

రెండు ప్రశ్నలు వేశాడు. అల్లాబకాష్ రెండోదానికే జవాబు చెప్పాడు.

“తాగినాను.”

చెంపమీద కొట్టిన చప్పుడు హాలంతా వినపడింది. వెంకటరమణయ్య అడ్డం పడి బయటికి లాక్కొచ్చాడు. జీవితంలో కల్లు వాసన కూడా చూడని మనిషి, శుక్రవారం నమాజు తప్పని మనిషి. ఎండలోకి వచ్చాక కూడా చెంప మీది చెయ్యి తీయలేదు.

“ఎందుకన్నావు ఆ మాట?”

“చీకట్లో నాకు కనపడదు అయివారా. పదేళ్ళ నుంచీ అంతే. తాగుబోతు చెక్కిన చెంచా అమ్ముడుపోతాది. గుడ్డోడు చెక్కిన చెంచా ఎవురు కొంటారు?”

ఆ హాల్లో ఉదయగిరివాళ్ళు కూడా ఉన్నారు. తెల్లారేసరికి సంగతి వీధికి వచ్చింది. మసీదు పెద్ద మదార్ సాహెబ్ పిలిపించి తల దించుకునేలా మాట్లాడాడు. కరీంబీ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. అల్లాబకాష్ కళ్ళ సంగతి బయటపెట్టలేదు. అయివారి చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు.

వెంకటరమణయ్య మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. రేచీకటి అంటే ఎ విటమిన్ లోపం. ఏడో తరగతి పిల్లవాడికి తెలుసు. “మూడు నెలలు నాకు వదిలిపెట్టు” అన్నాడు. ఆదివారం ఆదివారం మేక కార్జం, రోజూ మునగాకు, ఆస్పత్రి నుంచి తెచ్చిన చుక్కల మందు. మునగాకు తిని తిని అల్లాబకాష్ “ఇంక మేకలాగా అరుస్తానేమో” అన్నాడు. మూడు నెలలయింది. చీకటి చీకటిగానే ఉంది.

అప్పుడొకనాడు పట్టపగలు వాకిట్లో, వెంకటరమణయ్య అతన్ని ఎదురుగా గోడనే చూడమని చెప్పి, ఒక పుల్లను చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు. “కనపడినప్పుడు చెప్పు.” చెవి దాటింది, కణత దాటింది, చెక్కిలి దాటింది. పుల్ల దాదాపు ముక్కు ముందుకు వచ్చాక అల్లాబకాష్ “ఆ, ఇప్పుడు” అన్నాడు.

వెంకటరమణయ్య చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. గుర్రం వచ్చిందా, అన్న మాట అతని చెవిలో మళ్ళీ వినపడింది. ఆనాడు ఆ మనిషి హాస్యమాడలేదు. తెర మొత్తం ఎన్నడూ చూడలేదు. వెదురు గొట్టంలో నుంచి చూసినట్టు, జానెడు మేర మాత్రం చూశాడు. ఆ జానెడులో ఎవరుంటే వాళ్ళను పట్టుకున్నాడు.

నెల్లూరులో కంటి డాక్టరు చుక్కలు వేసి, గది చీకటి చేసి, చాలాసేపు చూశాడు. తరువాత అడిగాడు, “మీ అమ్మా నాన్నా పెళ్ళికి ముందే బంధువులా?”

“మా నాయనకు సొంత మామ కూతురు సార్, మా అమ్మ.”

“అన్నదమ్ముల్లో ఇంకెవరికైనా?”

“మా అన్న వలికి. వరికుంటపాడులో ఉంటాడు. పూర్తిగా పోయి ఎనిమిదేళ్ళయింది.”

వలి అనే అన్న ఉన్నాడని తెలుసుగాని, అతని కళ్ళ సంగతి వెంకటరమణయ్య వినడం అదే మొదలు. డాక్టరు రాసుకుంటూనే చెప్పాడు. మందు లేదు, ఆపరేషన్ లేదు, చూపు చుట్టూ నుంచి ఇరుకవుతూ వస్తుంది. దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కొందరికి పదేళ్ళకు, కొందరికి ఇరవైకి బయటపడుతుంది. ఆ మాటలన్నీ అల్లాబకాష్‌కు చెబుతున్నవే. కానీ బల్ల అంచు పట్టుకున్నది వెంకటరమణయ్య. ఇంట్లో ఉయ్యాలలో పది నెలల పాప ఉంది.

తిరుగు బస్సు సంగం దాటేసరికి మసకపడింది. అల్లాబకాష్ కిటికీ పక్కన కూర్చుని తేలికపడ్డవాడిలా మాట్లాడాడు.

“నాకు ముందే తెలుసులే అయివారా. మా అన్నను చూసినాను గదా. అందుకే పెళ్ళి చేసుకోలా. ఇది నాతోనే ఆగిపోనీ అనుకున్నాను. బిడ్డల్ని కని, వాళ్ళు గోడలు తడుముకుంటా ఉంటే చూస్తా కూర్చోవాల్నా?”

బస్సులో దీపం లేదు. అయివారి ముఖం అతనికి కనపడలేదు.

ఆ తరువాత రెండేళ్ళు వెంకటరమణయ్య ఆ గడప తొక్కలేదు. అల్లాబకాష్ కనపడితే పక్క సందులోకి తిరిగేవాడు. తిరగకపోయినా ఫరవాలేదు, పక్కగా పోతే అతనికి కనపడదు. ఆ సంగతి తెలిసే పక్కగా పోయేవాడు.

సినిమా మాటలు రాసుకున్న నోటుపుస్తకాన్నే వెనక నుంచి తిప్పి మొదలుపెట్టాడు. తేదీ, టైము, పాప. గోళీ ఎడమ పక్క నుంచి దొర్లించాను, తిరిగి చూసింది. కుడి పక్క నుంచి దొర్లించాను, చూడలేదు. మళ్ళీ దొర్లించాను, చూసింది. దీపం తగ్గించి అగ్గిపెట్టె పెట్టాను, వెతకలేదు. ఆడుకునే ఆసక్తి లేకపోవచ్చు. మునిమాపు వేళ పాపను పిలిచి, మధ్యలో పీట అడ్డం పెట్టేవాడు. తట్టుకుంటే పుస్తకంలో రాసేవాడు. తట్టుకోకపోతే, పీట ఉన్న చోటు గుర్తుందేమో అనుకుని జరిపేవాడు. ఒకనాడు పాప పీట తగిలి పెదవి చీరుకుంది. అతను పరీక్షలకు వాడే టార్చిలైటును ఆనందమ్మ తీసి బియ్యం కుండలో దాచేసింది. “నువ్వు ఇంకోసారి దాన్ని చీకట్లో నడిపించినావంటే నేను మా అమ్మ దగ్గరికి పోతా” అంది. వాళ్ళమ్మంటే అతని అక్కే. అక్కకు ఏమని చెప్పాలి?

కరెంటు పోయిన మరుసటి ఆదివారం అతను పాపను ఎత్తుకుని అల్లాబకాష్ వాకిట్లో నిలబడ్డాడు. పాపను హాలు చీకట్లో ఒక్కసారి చూడాలి. ఆ చీకటి ఎట్లా ఉంటుందో ఎరిగిన మనిషి పక్కన ఉండాలి. ఆనందమ్మకు మాత్రం సినిమాకని చెప్పాడు.

అల్లాబకాష్ గుమ్మంలో కూర్చుని గరిటె గుంటను బొటనవేలితో తడిమి చూసుకుంటున్నాడు. చుట్టూ ఉన్నవన్నీ ఉత్త గరిటెలే. జాలీ పని ఒక్కటీ లేదు.

“ఎవురూ?”

“నేను భాయ్.”

“అయివారా! రెండేళ్ళకు దారి కనపడిందా? నాకు కదా చూపు పోయింది, నీకేమయింది?” అన్నాడు. తరువాత నవ్వాడు. “ఎవురది, ఎత్తుకోనుండేది? ఊపిరి చిన్నగా వినపడతా ఉండాది.”

ఆత్మకూరు హాల్లో దీపాలు ఆర్పకముందే ముగ్గురూ కూర్చున్నారు. అల్లాబకాష్‌కు ఇప్పుడు తెరమీద రూపాయి బిళ్ళంత కనపడుతుంది. తల అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కుని, దొరికినవాళ్ళ దగ్గర ఆగుతున్నాడు. ఇంటర్వెల్లో వెంకటరమణయ్య ఉండబట్టలేక అనేశాడు.

“నేను నీ మాటలన్నీ పుస్తకంలో రాసుకున్నాను భాయ్, కళ అనుకోని. అదంతా జబ్బేనా?”

అల్లాబకాష్ వేరుసెనక్కాయ ఒలుస్తూ ఆలోచించాడు. “మా అన్నకూ ఇదే జబ్బు గదా. చూపు ఉన్నన్నాళ్ళూ వాడూ సినిమాలకు వచ్చినాడు. టైటిల్స్‌లోనే గురక పెట్టేవాడు. జబ్బు వల్లనే వచ్చేదయితే వాడికెందుకు రాలా?” ఒక గింజ పాప నోట్లో పెట్టాడు. “మీకంతా కనపడతాది, ఒకటి పోతే ఇంకోటి. నాకు దొరికేదే ఒకటి. దాన్ని వదిలితే నాకేముండాది? అది కళో కాదో నువ్వే తేల్చు, నువ్వు గదా సైన్సు చదివినోడివి.”

దీపాలు ఆరిపోయాయి. వెంకటరమణయ్య పాపను నడవలో దించాడు. తను చప్పుడు కాకుండా రెండు వరుసలు ముందుకు పోయి వంగి కూర్చుని, మెల్లగా పిలిచాడు.

“పాపా, రా. నాయన దగ్గరికి రా.”

పాప కదల్లేదు. చేతులు చాపింది. అతనూ కదల్లేదు. లోపల లెక్కపెట్టుకుంటున్నాడు, పది, పదకొండు, కంటికి చీకటి అలవాటు కావడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. పాప ఏడుపు అందుకుంది. “ఎవురి బిడ్డమ్మా అది?” “తండ్రెవుడో తెర చూస్తా బిడ్డను పారేసుకున్నాడు!” అయినా లెక్క ఆపలేదు. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది.

అప్పుడు వెనక వరుసలో ఎవరో లేచారు. మోకాళ్ళు తగులుతున్నాయి, తిట్లు వినపడుతున్నాయి, “కాలు తొక్కినావు గదరా!” “మళ్ళా తాగొచ్చినాడా ఈ సాయిబు!” ఏమీ కనపడని మనిషి, ఆ హాల్లోనే చెంపదెబ్బ తిన్న మనిషి, ఏడుపు వినపడిన దిక్కుకు చేతులు చాపుకుని వస్తున్నాడు. నడవలో మోకాళ్ళ మీద కూలబడి పాపను తడిమి పట్టుకుని గుండెకు ఎత్తుకున్నాడు.

వెంకటరమణయ్య వచ్చి అతని చెయ్యి పట్టుకుని సీటు దగ్గరికి నడిపించాడు.

“పరీక్ష పెట్టినావు గదా?” అన్నాడు అల్లాబకాష్.

“మా ఆవిడ నా అక్క కూతురు భాయ్.”

“తెలుసు. బస్సులో ఆ మాట నోరు జారినాక, ఇల్లు చేరినాక గుర్తొచ్చింది. రెండేళ్ళుగా తింటా ఉండాది నన్ను.”

“నీకు మూడేళ్ళప్పుడు ఎట్టా ఉండేది? చెప్పు. కొంచెమన్నా గుర్తు చేసుకో.”

“గుర్తు లేదు. ఉన్నా చెప్పను.”

పాప ఏడుపు తగ్గి అల్లాబకాష్ ఒళ్ళోనే కూర్చుంది. తెరమీద ఏదో పంచాయితీ, పెద్దమనుషులు కేకలు వేసుకుంటున్నారు. పాప చెయ్యి చాపింది. “కోడి” అంది.

తెర కింది మూలన, ఎవరూ చూడనిచోట, అరుగు కింద నిజంగానే ఒక కోడి గింజలు ఏరుకుంటోంది.

వెంకటరమణయ్య అల్లాబకాష్ మోచెయ్యి పట్టుకున్నాడు. “మూలనుండేది భాయ్! పక్కనుండేది కనపడింది! అంటే దీనికి...”

“ఏడ, ఏడుండాది కోడి?” అల్లాబకాష్ తల దించి, తిప్పి, వెతుకుతున్నాడు. పాప అతని గడ్డం పట్టుకుని తిప్పింది. అప్పటికి ఆ సీను పోయింది. అతనికి కోడి దొరకలేదు.

“దొరకలా” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు తప్ప ఆ రోజంతా అతను బాధపడినట్టు కనపడలేదు. తరువాత అయివారి వైపు తిరిగాడు. “ఇది కూడా పుస్తకంలో రాసుకుంటావా? కోడిని కోడిలాగా చూడు అయివారా. దీనికి రేపొస్తాదో, ఇరవయ్యేళ్ళకు వస్తాదో, అసలు రాదో, నీకూ తెలవదు, డాక్టరుకూ తెలవదు. నువ్వు ఈ రెండేళ్ళలో బిడ్డకు ఏం చూపించినావు? చీకటే గదా?”

పాప మూడేళ్ళది. ఏ డాక్టరూ ఇంకా ఏమీ చెప్పలేడు. ఆ సంగతి ఈనాటికీ అట్లాగే ఉంది. టార్చిలైటు బియ్యం కుండలో ఎక్కడుందో అతనికి తెలుసు. కరెంటు పోయినప్పుడల్లా చెయ్యి అటు పోతుంది.

పోయినప్పుడు ఆపుకుంటాడు. బడి వదలగానే పాపను ఎత్తుకుని, కొండ నీడ వీధిలోకి దిగకముందే బయటికి వస్తాడు. రోజుకు ఒక్కటే చూపిస్తాడు. నిన్న కంసాలి వెంకమ్మగారి మేక గడ్డం. ఈరోజు కరీంబీ వాకిట్లో ఎండలో పడి ఉన్న నర్ది చెక్క, దానిమీద పాకుతున్న ఎర్ర చీమ. ఒకటి చూస్తుండగా పాప ఇంకొకదాని వైపు లాగితే అతనికి తొందర పుడుతుంది, కొండ, మబ్బు, బస్సు, ఊరంతా ఈ పూటే చూపించెయ్యాలని. అప్పుడు గుమ్మంలో గరిటె చెక్కుతున్న మనిషి తల ఎత్తకుండానే అంటాడు.

“చూపు ఎంతుండాదో కొలవబాక అయివారా. వెలుతురు ఉండంగా ఒక్కటి చూపించు. అది చూడడం అయిపోయేదాకా పక్కనే ఉండు.”